తుపాకీ సరే... తూటా ఏదీ?

క్రికెట్ బంతి పక్కింట్లో పడితే గోడ దూకి తెచ్చుకోవచ్చు. షటిల్ కాక్ ఈకలు ఊడినా ఇంకో రెండు ఆటలు లాగించొచ్చు. షూటింగ్ అలా కాదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఆట వస్తువు ఒకటి ఖర్చయిపోతుంది, మళ్లీ చేతికి రాదు. అందుకే ఈ ఆటలో తుపాకీ ఎవరి దగ్గరుందన్నది కాదు, తూటాలు ఎన్ని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. బొబ్బిలి కోట నుంచి అమెరికా దుకాణాల దాకా ఆ ప్రశ్నది ఒకటే కథ. ఉత్తరాంధ్ర పిల్లలు ఒలింపిక్ గురి పెట్టగలరా లేదా అన్నది కూడా ఆ కథలో భాగమే.

దీపావళి వస్తే పిల్లలకు రేకు తుపాకీ, దాంతోపాటు ఎర్ర రీళ్ల డబ్బా కొంటాం. రీలు ఉన్నంతసేపే ఆ తుపాకీకి గౌరవం. అయిపోయాక అది వట్టి రేకు ముక్క. లక్షల రూపాయల పోటీ తుపాకీకైనా అదే సూత్రం. కాకపోతే దాని 'రీలు' కిరాణా కొట్లో దొరకదు. లైసెన్సు కావాలి, కోటా కావాలి, డీలరు దగ్గర సరుకుండాలి. చాలాసార్లు విదేశం నుంచి ఓడో విమానమో రావాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా సాధన ఆగినట్టే.

లెక్క వేస్తే గుండె గుభేల్!

అసలు ఒక షూటరుకు ఎన్ని తూటాలు కావాలి? ముందు పోటీ లెక్క చూద్దాం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అర్హత పోటీకి 60 గుళ్లు. మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో 30, 30 కలిపి 60. ట్రాప్‌లో అయితే గాల్లోకి ఎగిరే మట్టి పళ్లాలు 125. ఒక్కో పళ్లెం మీద రెండు తూటాల వరకూ పేల్చవచ్చు. ఇవి పోటీలో లెక్కపెట్టే షాట్లు మాత్రమే. గురి సరిచూసుకోవడానికి ముందు పేల్చేవి వేరే.

ఇక సాధన. ట్రాప్ ఆడే కుర్రాడు రోజుకి వంద పళ్లాలు కొడతాడనుకుందాం. నెలకి ఇరవై రోజులు వేసుకున్నా తక్కువలో తక్కువ రెండు వేల తూటాలు. రెండో తూటా కూడా వాడితే నాలుగు వేలకు దగ్గర. ఒక పంటకాపు రైతు లైసెన్సు తుపాకీకి జీవితమంతా కలిపి అన్ని ఖర్చు కావు!

అదీ ఏదో ఒక తూటా దొరికితే చాలదు. .22 రైఫిళ్ల సంగతే చూడండి. ఒక కంపెనీ తయారుచేసిన ఒక బ్యాచి తూటా ఒక గొట్టానికి అతికినట్టు సరిపోతుంది. అదే కంపెనీ ఇంకో బ్యాచి అంతగా సరిపోకపోవచ్చు. అందుకే బర్మింగ్‌హామ్‌లోని ఎలే, ఫిన్లాండ్‌కు చెందిన లాపువా లాంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకు పెద్ద షూటర్లు తమ తుపాకులు మోసుకెళ్తారు. ఏ బ్యాచి తూటాలు దగ్గరదగ్గరగా పడుతున్నాయో చూసుకుని, ఆ బ్యాచినే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటారు. కొరత వస్తే ఈ ఎంపిక ఉండదు. దొరికిందే మహాప్రసాదం అనుకోవాలి. ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్లిచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అలాంటి ఆటలో ఆ తేడా పతకానికీ వట్టి చేతులకూ మధ్య తేడా అవుతుంది.

నాలుగు ముక్కల తూటా

తూటా చూడ్డానికి ఒక్కటే వస్తువులా ఉంటుంది గానీ అందులో నాలుగు భాగాలు. ఇత్తడితోనో ప్లాస్టిక్‌తోనో చేసిన గొట్టం. దాని అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ, దాన్నే ప్రైమర్ అంటారు. లోపల మందు. ముందు గుండు, లేదా రవ్వలు. పేలిన తర్వాత మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. మిగిలేది గొట్టం. ఆ ఖాళీ గొట్టాన్ని శుభ్రం చేసి కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి మళ్లీ వాడుకోవడమే రీలోడింగ్. అమెరికాలో ఇదొక పెద్ద హాబీ. వారాంతాల్లో గ్యారేజీలో కూర్చుని తూటాలు నింపుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఖర్చు తగ్గుతుంది, తమ తుపాకీకి నప్పేలా తయారుచేసుకోవచ్చు.

కానీ ఒక మెలిక ఉంది. ఒలింపిక్ రైఫిల్, పిస్టల్ పోటీల్లో వాడే .22 తూటాకి ప్రైమర్ విడిగా ఉండదు. ఆ రసాయనం గొట్టం అంచులోనే ఉంటుంది. ఒకసారి పేలితే ఆ అంచు నొక్కుకుపోతుంది. ఇక దాన్ని తిరిగి నింపడం మామూలుగా అయ్యే పని కాదు. అంటే .22 షూటరు ఏ దేశంలో ఉన్నా సరే ఫ్యాక్టరీ దయ మీద ఆధారపడాల్సిందే.

మరి మన దేశంలో 12 బోర్ తూటాలైనా ఇంట్లో నింపుకోవచ్చా? 1959 ఆయుధ చట్టం తూటాలతో పాటు వాటి భాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా మందుగుండు నిర్వచనంలోనే చేర్చింది. తయారీకి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. తుపాకీ లైసెన్సు చేతిలో ఉందని ఇంట్లో తూటాలు తయారుచేస్తానంటే అది నేరమే అవుతుంది. అమెరికా హాబీదారుడు 'ప్రైమర్లు దొరకట్లేదు' అని వాపోతే, మన షూటరు బాధ అంతకంటే ఒక మెట్టు పైది. ఇక్కడ దొరకాల్సింది తయారైన తూటాయే!

కోటలో మందు... కొండల్లో మందు

తుపాకీ ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద విజయనగరం సేనలతో కలిసి ఫ్రెంచి సేనాని బుస్సీ విరుచుకుపడ్డాడు. కోటగోడలను కూల్చింది ఆయన ఫిరంగులే. ఆ యుద్ధంలో ధైర్యానికి ఇరువైపులా కొదవలేదు. ఫలితాన్ని తేల్చింది మాత్రం మందుగుండు.

1878లో లిట్టన్ హయాంలో ఆయుధ చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయులు ఆయుధం పట్టకూడదన్నారు. అప్పట్నుంచీ తుపాకీ ఒక హోదా అయింది. జమీందార్లకీ దొరలకీ వేట వినోదం. ఇంగ్లండు నుంచి పెట్టెలకొద్దీ తూటాలు తెప్పించుకోగల స్తోమత వాళ్లదే. 1936లో ఇంగ్లండు పర్యటనకు వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, విజయనగరం మహారాజకుమార్ 'విజ్జీ' వేటలోనూ పేరుమోసినవాడే. ఆయన కొట్టిన పులుల సంఖ్య మూడు వందలు దాటిందని చెప్పుకుంటారు. అదంతా గడిచిన కథ. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. మంచిదే అయింది.

ఇక మన్యం సంగతి. సవరలు, జాతాపులు ఉండే కొండల్లో పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి నాటు తుపాకీ తోడుగా ఉండేది. దానికి తూటా ఉండదు. గొట్టం మూతి నుంచే మందూ రవ్వలూ కూరాలి. ఒకరకంగా అది ప్రతి షాటుకూ 'రీలోడింగ్' చేసుకునే తుపాకీ! అయితే కొలత తప్పినా, గొట్టం బలహీనమైనా ప్రాణం మీదకే వస్తుంది. లైసెన్సు లేకుండా దాన్ని ఉంచుకోవడం నేరం కూడా. ఊళ్లలో ఎవరి దగ్గరైనా ఉంటే అప్పగించమని పోలీసులు అప్పుడప్పుడూ ప్రచారం చేసేది అందుకే.

తూటా అంటే ఈ జిల్లాల్లో మరో జ్ఞాపకం కూడా ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, సభకు వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. శ్రీకాకుళ ఉద్యమం రాజుకోవడానికి కారణమైన ఘటనల్లో అదొకటి. ఆ తర్వాతి ఏళ్లలో ఇటు తూటాలకూ అటు తూటాలకూ ఎన్నో కుటుంబాలు బలయ్యాయి. ఒడిశా సరిహద్దు కొండల మీద దశాబ్దాల తరబడి నిఘా కొనసాగింది. అలాంటి చోట తూటాల లెక్క విషయంలో ప్రభుత్వం కఠినంగా ఉందంటే కారణం లేకపోలేదు. దాన్ని కాదనడానికి లేదు. చిక్కల్లా ఎక్కడంటే, అడవిలో దొరికే తూటాకీ ఆటస్థలంలో పేలే తూటాకీ గీత గీసే పని నెమ్మదిగా సాగుతుంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఆటగాడు.

విత్తు ముందా... చెట్టు ముందా?

మామూలు లైసెన్సుదారు పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనుక్కోవచ్చు. ఆత్మరక్షణకీ పంటకాపుకీ అవి సరిపోతాయి. ఆటకి చాలవు. అందుకే క్రీడాకారులకు చట్టం వేరే మెట్లు ఏర్పరచింది. అంతర్జాతీయ పతకం సాధించినవారికి, జాతీయస్థాయిలో నిర్ణీత స్కోరు సాధించిన 'రినౌన్డ్ షాట్'లకు, ఎదుగుతున్న షూటర్లకు... ఇలా స్థాయిని బట్టి ఎక్కువ తూటాలు. విదేశాల నుంచి తెప్పించుకునే వీలు, సుంకంలో మినహాయింపులు కూడా పై మెట్లవారికే. 2019 చివర్లో చట్టాన్ని సవరించి ఒక వ్యక్తి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకి తగ్గించినప్పుడు కూడా క్రీడాకారులకు వెసులుబాటు ఇచ్చారు.

ఇదంతా న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ కింది మెట్టు మీద నిలబడి చూడండి. తూటాలు ఎక్కువ కావాలంటే స్కోరు రావాలి. స్కోరు రావాలంటే సాధన కావాలి. సాధనకు తూటాలు కావాలి! నగరాల్లో క్లబ్బు ఉంటుంది. క్లబ్బుకి తన కోటా ఉంటుంది, సభ్యుడు అక్కడే తీసుకుని అక్కడే పేల్చి వస్తాడు. క్లబ్బు దగ్గర్లో లేని పాలకొండ కుర్రాడికో, చీపురుపల్లి అమ్మాయికో ఆ దారి లేదు. పైగా సొంత లైసెన్సుకు సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. శిక్షణలో ఉన్న పిల్లలు పర్యవేక్షణలోనే తుపాకీ వాడాలి. అంటే మళ్లీ రేంజి ఉండాలి, శిక్షకుడు ఉండాలి.

ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద షూటింగ్ రేంజి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో వెలిసింది. శ్రీకాకుళం నుంచి అది సుమారు 700 కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం విడిపోయాక అది పక్క రాష్ట్రపు ఆస్తి అయిపోయింది. తెలుగు షూటర్ల చిరునామాలు చూస్తే విషయం అర్థమవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చిన ఈషా సింగ్‌దీ హైదరాబాదే. అవే క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణంలో భాగమై, విడిగా కాంస్యం కూడా గెలిచిన కినాన్ చెనాయ్‌దీ ఆ ఊరే. 2024లో పెరూలోని లిమాలో జూనియర్ ప్రపంచ పోటీల్లో పతకాలు గెలిచిన ముకేశ్ నేలవల్లి గుంటూరు కుర్రాడు. ఉత్తరాంధ్ర వంతు ఇంకా రావాల్సి ఉంది.

తుపాకీ తెలిసినవాళ్లు ఇక్కడ లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. విజయనగరం దగ్గర చింతలవలసలో ఏపీఎస్పీ ఐదో బెటాలియన్ ఉంది. పట్టణంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది. పూసపాటి వారి ప్యాలెస్‌లో 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది. ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాయి. కాలేజీ పిల్లల్లో చాలామంది మొదటిసారి .22 రైఫిల్ పట్టుకునేది ఎన్‌సీసీ శిబిరంలోనే. అక్కడ లెక్కపెట్టి ఇచ్చిన గుళ్లు కొడతారు. గురి బాగుందని శిక్షకుడు భుజం తట్టొచ్చు. శిబిరం ముగిశాక ఆ గురిని నిలబెట్టుకోవడానికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు.

అమెరికాలోనూ అరలు ఖాళీ

'అమెరికాలో అయితే కూరగాయలు కొన్నట్టు కొనేసుకోవచ్చు' అనుకుంటాం. మామూలు రోజుల్లో నిజమే. ఉద్యోగాల కోసం వెళ్లిన మన పిల్లలు టెక్సస్ లాంటిచోట్ల వారాంతంలో సరదాగా రేంజికి వెళ్లి గురి చూసి రావడం మామూలే. కానీ అక్కడా కటకట వచ్చింది. ఒకసారి కాదు, మళ్లీమళ్లీ.

2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో ఒక దుండగుడు 20 మంది చిన్నారులనూ ఆరుగురు పెద్దలనూ కాల్చి చంపాడు. కఠినమైన చట్టాలు వస్తాయన్న అనుమానంతో జనం తూటాలు ఎగబడి కొన్నారు. 2013 అంతా .22 తూటా దొరకడం గగనమైంది. దుకాణాలు మనిషికి ఇన్ని పెట్టెలే అని పరిమితి పెట్టాయి. పెట్టేకొద్దీ జనం మరింత దాచుకున్నారు. ఉల్లిపాయలకో గ్యాసు బండకో కొరత వస్తుందని తెలిస్తే మన వీధుల్లో ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది!

2020లో కరోనా వచ్చింది. ఆ ఏడాది తుపాకుల కోసం ఎఫ్‌బీఐ ద్వారా జరిగిన నేపథ్య తనిఖీలు 3.9 కోట్లు దాటాయి. అప్పటికది రికార్డు. కొత్తగా తుపాకీ కొన్న ప్రతివాళ్లకూ తూటాలు కావాలి. సరిగ్గా అప్పుడే పేరున్న రెమింగ్టన్ కంపెనీ దివాలా తీసింది. తూటాలు దొరకనివాళ్లంతా రీలోడింగ్ వైపు చూశారు. దాంతో ప్రైమర్లు మాయమయ్యాయి. అమెరికాలో ప్రైమర్లు పెద్దయెత్తున చేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి ముందు తమ సొంత తూటాలకు వాడుకున్నాకే మిగతావి డబ్బాల్లో అమ్ముతాయి. ఫ్యాక్టరీ తూటా కొరతకు విరుగుడు అనుకున్న రీలోడింగ్ అందరికంటే ముందు బోల్తాపడింది.

పత్తి నూగుకీ తూటాకీ లంకె

కరోనా సద్దుమణిగిందనుకునేలోపు 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. అక్కడి యుద్ధానికీ ఆటగాడి తూటాకీ ఏమిటి సంబంధం అంటారా? జవాబు పత్తిలో ఉంది.

పొగలేని తుపాకీ మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. దాన్ని తయారుచేయడానికి మేలైన ముడిసరుకు, జిన్నింగ్ అయ్యాక పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు. ఒక పెద్ద ఫిరంగి గుండును విసరడానికి కిలోలకొద్దీ మందు కావాలి. ఒక .22 తూటాలో పట్టేది గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ. యుద్ధం వస్తే ఫ్యాక్టరీలు ఎవరి వైపు మొగ్గుతాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ నూగు కోసం ఐరోపా దేశాలు చైనా మీద ఆధారపడుతున్నాయన్న సంగతి కూడా అప్పుడే పెద్ద చర్చ అయింది. మందు ధర పెరిగింది, సరఫరా ఆలస్యమైంది. ఇటలీ, జర్మనీ, ఇంగ్లండుల నుంచి వచ్చే పోటీ తూటాల మీద ఆధారపడే మన షూటర్లకూ ఆ సెగ తగిలింది.

మనకు సొంత ఫ్యాక్టరీలు లేవా? ఉన్నాయి. పుణె దగ్గర ఖడ్కీలోని మందుగుండు కర్మాగారం 12 బోర్ 'శక్తిమాన్' తూటాలు చేస్తోంది. లైసెన్సుదారుల ఇళ్లలో అది తెలిసిన పేరే. నీలగిరుల్లోని అరువంకాడులో తుపాకీ మందు తయారయ్యే కర్మాగారం ఉంది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు తూటాల పని మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు వచ్చింది. అయితే ఈ కర్మాగారాలకు మొదటి ఖాతాదారు సైన్యం. ఆటకు కావాల్సిన సున్నితమైన తూటా వేరు. ప్రతి షాటూ ఒకేలా ఉండాలి, 24 గ్రాముల రవ్వలు అంటే 24కి మించకూడదు. అంతర్జాతీయ పోటీల స్థాయిలో మన షూటర్లు ఇప్పటికీ విదేశీ తూటాలవైపే చూస్తున్నారంటే కారణం అదే. తూటా ఇక్కడే పుట్టనంతకాలం ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ గురి తప్పుతూనే ఉంటుంది.

గాలి తుపాకీతో గట్టెక్కుదాం

మరి దారి లేదా? ఉంది. మందు అక్కర్లేని తుపాకీ. పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌లో గుండును తోసేది గాలే. గుళ్లు 4.5 మిల్లీమీటర్ల సీసపు ముక్కలు. ప్రైమర్ లేదు, మందు లేదు. 20 జౌళ్ల శక్తికీ .177 కొలతకీ లోబడిన ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు వివరాలు ఇవ్వాలి. 500 గుళ్ల డబ్బా ఒకటి ఉంటే ఎనిమిది పోటీల పూర్తి సాధన చేసుకోవచ్చు. మేలైన పోటీ గుళ్లు ఎక్కువగా జర్మనీ, చెక్ రిపబ్లిక్‌ల నుంచే వస్తాయి గానీ, నేర్చుకునే దశకి దేశీ గుళ్లు సరిపోతాయి.

ఇదేదో చిన్నపిల్లల ఆట అనుకుంటే పొరపాటు. ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో మన దేశానికి 2024 పారిస్ దాకా వచ్చిన పతకాలు ఏడు. అందులో నాలుగు గాలి తుపాకులవే! 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో నారంగ్ కాంస్యం, 2024లో మను భాకర్ కాంస్యం, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఆమె గెలిచిన మరో కాంస్యం. తూటాల కోటా గొడవ లేని విభాగమే దేశానికి ఎక్కువ పతకాలు తెచ్చిందన్నమాట.

పది మీటర్ల రేంజికి పెద్ద మైదానం కూడా అక్కర్లేదు. జూనియర్ కాలేజీలో వాడకుండా పడున్న ఒక పొడవాటి హాలు చాలు. చివర గట్టి గోడ, గుళ్లను పట్టుకునే పెట్టెలు, అటూ ఇటూ ఎవరూ దూరకుండా తలుపులు, అన్నిటికీ మించి తెలిసిన శిక్షకుడు ఉండాలి. పెట్టెల్లో పోగయ్యే సీసాన్ని తిరిగి అమ్ముకోవచ్చు కూడా. ఖరీదు అంతా పోటీ రైఫిల్‌దే. అది లక్షల్లో ఉంటుంది. ఒక్కో పిల్లాడూ కొనుక్కోవాలంటే కుదరదు గానీ, పది మంది పిల్లలకు రెండు రైఫిళ్లు వంతులవారీగా వాడించొచ్చు.

తూటా లేని గురి

గొప్ప షూటర్లు కూడా సాధనలో పెద్ద భాగం తూటా లేకుండానే చేస్తారని చాలామందికి తెలియదు. దీన్ని 'డ్రై ప్రాక్టీస్' అంటారు. ఖాళీ తుపాకీ ఎత్తి, ఊపిరి బిగబట్టి, గురి నిలిపి, ట్రిగ్గర్ నొక్కడం. నొక్కిన క్షణంలో చెయ్యి కదిలిందా, రెప్ప ఆడిందా చూసుకోవడం. ఒలింపిక్ తరగతి ఎయిర్ రైఫిళ్లలో ఇందుకోసం ప్రత్యేకమైన ఏర్పాటే ఉంటుంది. గొట్టానికి చిన్న సెన్సర్ బిగిస్తే గురి ఎటు తిరిగిందో కంప్యూటర్ తెర మీద గీతలా చూపించే పరికరాలూ వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో రేంజిలు మూతపడినప్పుడు మన జాతీయ జట్టు వాళ్లు ఇళ్లలో గోడవైపు తిరిగి చేసింది ఇదే.

తూటా శబ్దం లేకపోతే పిల్లలకు మొదట్లో విసుగే. కానీ ఈ ఆటలో గెలిచేది శబ్దం కాదు, నిలకడ. కొరత నేర్పిన పాఠం కూడా ఒక రకంగా అదే. పేల్చే ఒక్కో షాటుకూ విలువ తెలిసినవాడు తొందరపడడు.

ఇంట్లో ఎయిర్ రైఫిల్ ఉంటే...

* ఖాళీగా ఉందని తెలిసినా మనిషి వైపు ఎప్పుడూ తిప్పకూడదు. గాలి తుపాకీ గుండు కంటిని శాశ్వతంగా పోగొట్టగలదు.

* గురి కార్డు వెనక గుండును ఆపే గట్టి అడ్డు ఉండాలి. సిమెంటు గోడకో రాతికో కొడితే గుండు ఎగిరి వెనక్కి రావచ్చు.

* కాల్చేవాళ్లూ పక్కన ఉన్నవాళ్లూ కళ్లద్దాలు పెట్టుకోవాలి.

* పిల్లలు ఒంటరిగా ముట్టుకోకూడదు. పని అయ్యాక తాళం వేసి, గుళ్ల డబ్బా వేరే చోట పెట్టాలి.

* గుళ్లు సీసంతో చేసినవి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడగనిదే ఏమీ తినకూడదు. గుళ్లను నోట్లో పెట్టుకోవడం అసలే వద్దు.

* పిట్టల మీద గురి పెట్టొద్దు. తేలినీలాపురానికి పెలికాన్లు, తేలుకుంచికి కొంగలు ఎంతో దూరం నుంచి వస్తుంటే ఊళ్లకు ఊళ్లే కాపలా కాస్తున్న జిల్లా మనది. వన్యప్రాణుల్ని కొట్టడం చట్టరీత్యా నేరం, ఎయిర్‌గన్‌తో కొట్టినా సరే.

ఇనుము ఉంది... సీసం కావాలి

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి బలం గురించి తాతలు చెప్పిన కథలు ఇంకా ఇక్కడి ఇళ్లలో వినిపిస్తాయి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి బయల్దేరిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం ఎత్తుకొచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. ఈ నేలకు ఆ ఆట అబ్బడానికి కారణాలు చాలా ఉండొచ్చు గానీ ఒకటి మాత్రం ఖాయం. ఇనుప బిళ్లలు ఒకసారి కొంటే చాలు. అక్క ఎత్తిన బరువే చెల్లెలూ ఎత్తుతుంది, ఆ తర్వాత చెల్లెలి కూతురూ ఎత్తుతుంది. అరగవు, కరగవు, లైసెన్సు అడగవు.

షూటింగ్‌కి ఆ సౌలభ్యం లేదు. ఇక్కడి పిల్లల్లో ఓపిక లేక కాదు, చూపు లేక అంతకంటే కాదు. రోజంతా వలలు లాగిన కుటుంబాల్లో, జీడితోటల్లో పనిచేసే ఇళ్లలో నిలకడకు కరువేముంటుంది? కావాల్సింది ఒక హాలు, రెండు రైఫిళ్లు, ఒక శిక్షకుడు, ఏడాది పొడవునా ఆగకుండా వచ్చే గుళ్ల డబ్బాలు. గాలి తుపాకీతో మెరిసినవాళ్లకు పై మెట్టులో .22 తూటాలు సమయానికి అందే ఏర్పాటు. ఉన్న రేంజిలు, ఎన్‌సీసీ, పోలీసు బెటాలియన్లు, క్రీడాసంస్థ కలిసి కూర్చుంటే ఇది కొండను తవ్వే పనేం కాదు.

తూటాను కట్టడి చేయడం ప్రభుత్వం బాధ్యత. ఆటను కట్టడి చేయకపోవడం కూడా అంతే బాధ్యత. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేలితే, ఎన్‌సీసీ శిబిరంలో భుజం తట్టించుకున్న అమ్మాయి మర్నాడు కూడా రైఫిల్ ఎత్తగలుగుతుంది. ఆ మర్నాడు వస్తేనే కదా, పతకం సంగతి!